చిలుకకు పాలన్నం



పోయిన నెల మా మనుమడు ఒక పిల్ల చిలుకను ఇంటికి తెచ్చుకొన్నాడు. మన అంగళ్ళలో 'లవ్ బర్డ్స్' అని అమ్మే బడ్జరిగార్. పంజరం ముందు చతికిలబడి వాడు, "తాతయ్యా, దీనికి పాలన్నం పెడదామా?" అని అడిగాడు. నేను ఉలికిపడ్డాను.

1970 ప్రాంతంలో, నా పదోయేట, తాటిమాను తొర్రలోనుంచి తీసిన రామచిలుక పిల్ల ఒకటి మా యింటికి వచ్చింది. ఇంకా ఈకలు నిండలేదు. మా అమ్మ పాలన్నం మెత్తగా మెదిపి దాని నోట పెట్టేది. నేనేమో దానిచేత 'రామ' అనిపించాలని తొందరపడేవాణ్ణి. రెండోనాటికి విరేచనాలు పట్టుకొన్నాయి. ఐదోనాటికి అది లేదు. దిష్టి తగిలిందన్నారు పెద్దలు. చాలా ఏళ్ళు నేనూ అదే నమ్మాను.

పాలు గాని పాలన్నం గాని ఏ చిలుకకూ సహజాహారం కాదు. పక్షులు పాలు త్రాగి పెరిగేవి కావు. పాలలోని చక్కెరను జీర్ణించుకొనే శక్తి వాటికి లేదు. ఈ చిన్న సంగతి మనకు ఎందుకు తెలియకపోయింది? వాత్స్యాయనుడు చెప్పిన అరువదినాలుగు కళలలో శుకశారికలకు పలుకు నేర్పడం ఒకటి. మేత పెట్టడం ఆ జాబితాలో లేదు. మనం చిలుక నోటినుండి వచ్చేదాన్ని గురించి ఆలోచించినంతగా దాని నోటిలోకి పోయేదాన్ని గురించి ఆలోచించలేదు.

అయితే మన వాఙ్మయంలో చూచి చెప్పినవాడు లేకపోలేదు. ఏడవ శతాబ్దంలో హర్షుని ఆస్థానంలో ఉన్న బాణభట్టు 'కాదంబరి'లో కథ చెప్పేది వైశంపాయనుడనే చిలుక. పంపాసరస్సు దగ్గరి బూరుగుచెట్టు తొర్రలో పుట్టిన తల్లిలేని పిల్ల అది. ముసలి తండ్రి దూరం ఎగరలేక, ఇతర గూళ్ళనుండి రాలిన వరిగింజలనూ, తక్కిన చిలుకలు కొరికి వదలిన పండ్ల ముక్కలనూ ఏరి తెచ్చి దాన్ని పెంచుతాడు. తరువాత శూద్రక మహారాజు సభలో 'ఏమైనా తిన్నావా?' అని అడిగితే, ఆ చిలుక నేరేడు రసం, దానిమ్మ గింజలు, ప్రాచీనామలకి పండ్లు అని చెప్పి, రాణులు స్వహస్తాలతో పెట్టినదల్లా అమృతమే అని ముగిస్తుంది. మనం ఆ చివరి మాటను మాత్రమే పట్టుకొన్నాం. ప్రేమతో పెడితే ఏదైనా అమృతమే అనుకొన్నాం. భాషాప్రవీణ పరీక్షకు నేను ఈ భాగం చదివాను. సమాసాలకు విగ్రహవాక్యాలు చెప్పాను. అది ఒక పక్షి భోజనపు పట్టిక అని ఒక్కసారీ తోచలేదు.

ఆ పాలన్నంలోని తెల్లన్నం కథ మరొకటి. అది డచ్చివారి ఏలుబడిలోని జావాలో జరిగింది. 1890 ప్రాంతంలో బటావియాలో, అంటే నేటి జకార్తాలో, ఐక్‌మన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధి కారణాన్ని వెదకుతున్నాడు. ఆయన ప్రయోగశాలలోని కోళ్ళకు కాళ్ళు పడిపోయాయి. కొంతకాలానికి వాటంతట అవే కోలుకొన్నాయి. ఆరా తీయగా, సైనిక ఆసుపత్రిలో మిగిలిన పాలిష్ బియ్యపు అన్నాన్ని కొన్నాళ్ళు వాటికి వేసినట్లు, కొత్తగా వచ్చిన వంటవాడు అది ఇవ్వనన్నట్లు తేలింది. ముడిబియ్యం తిన్న కోళ్ళు బాగుపడ్డాయి. కొరవడిన పదార్థమే వ్యాధికి మూలమని 1901లో గ్రీన్స్ వివరించాడు. పావురాలపై పరిశోధించిన ఫంక్ 1912లో 'విటమిన్' అనే మాట పుట్టించాడు. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. కడుపు నిండడం వేరు, పోషణ వేరు అని మనిషికి నేర్పినవి పక్షులే. ఆ పాఠాన్ని వాటికి తిరిగి అప్పజెప్పకపోవడం మన లోపం.

ఇక మా యింటి పక్షి. రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అందుకే ఇళ్ళలో బడ్జరిగార్ కనిపిస్తుంది. ఇది ఆస్ట్రేలియా మెట్టభూముల పక్షి. 1840లో జాన్ గూల్డ్ దీన్ని ఇంగ్లండుకు సజీవంగా తెచ్చాడు. అడవిలో గడ్డిగింజలే దీని ఆహారం. అయినా పంజరంలో ఎగరని బ్రతుకుకు ఒట్టి ఎండుగింజలు చాలవు. కొవ్వు పెరుగుతుంది, ఎ విటమిన్ కొరవడుతుంది, అయోడిన్ లేక గొంతులో వాపు వస్తుంది.

అందుచేత కొర్రలు, సామలతో పాటు పక్షుల కోసమే చేసిన గుళికల మేతను మెల్లమెల్లగా అలవాటు చేస్తున్నాం. తోటకూర, కొత్తిమీర, మునగాకు, క్యారెట్ తురుము రోజూ కొంచెం. సున్నానికి సముద్రపు నురుగు ముక్క ఒకటి. నీళ్ళు పూటపూటకూ మార్పు. అవకాడో, చాక్లెట్, కాఫీ, ఉల్లి, ఉప్పు దరిచేరనీయరాదు. మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ కూడా పక్షికి ప్రాణాంతకమే.

పక్షి తన జబ్బును దాచుకొంటుంది. ఈకలు ఉబ్బించుకొని పంజరం అడుగున కూర్చున్నదంటే అప్పటికే ఆలస్యమైనట్లు. వెంటనే పశువైద్యుని దగ్గరకు పోవాలి. సాధారణంగా ముప్ఫై, నలభై గ్రాముల పిట్ట ఇది. అందుకని వంటింటి త్రాసులో రోజూ ఉదయం తూచి మనుమడు నోటుపుస్తకంలో వ్రాస్తున్నాడు. బరువు పదింట ఒక వంతు తగ్గితే హెచ్చరికే.

మొన్న గిన్నె నిండుగా కనిపిస్తే మేత ఉన్నదనుకొన్నాను. వాడు వచ్చి ఉఫ్ అని ఊదాడు. పైనున్నదంతా పొట్టే. అడుగున నాలుగు గింజలు. "చూడకుండా ఎట్లా తాతయ్యా?" అన్నాడు.

నలభై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. గిన్నె కడిగి, కొత్త గింజలు పోశాను. అది మాటలు నేర్చినా నేర్వకున్నా నాకిప్పుడు తొందర లేదు.