సముద్రమార్గ దండయాత్ర: కర్మసిద్ధికి పంచహేతువులు

కర్మసిద్ధికి అయిదు హేతువులున్నవని భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయం ఉపదేశిస్తున్నది. అవి అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. సమస్తం తానొక్కడే సాధించానని తలచేవాడు యథార్థదర్శి కాడని అక్కడి తాత్పర్యం. మన గోదావరీ మండలం యొక్క చరిత్రను మలుపు త్రిప్పిన ఒక దండయాత్రలో ఈ సత్యం స్పష్టంగా గోచరిస్తుంది.

1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీ పరం చేశాడు. మన కోనసీమతో కూడిన రాజమహేంద్రవర సర్కారు అందులోనిదే. 1757 బొబ్బిలి యుద్ధానంతరం విజయరామరాజు హతుడు కాగా, విజయనగర సంస్థానం ఆనంద గజపతిరాజుకు సంక్రమించింది. 1758లో బుస్సీ దక్షిణానికి తరలిన తరుణంలో, ఈ రాజు విశాఖపట్నాన్ని ఫ్రెంచివారి నుండి వశపరచుకొని ఆంగ్లేయుల సహాయం అర్థించాడు. మదరాసువారు తమ రక్షణకే తల్లడిల్లుతూ సమ్మతించలేదు. అభ్యర్థన కలకత్తాలో ఉన్న రాబర్ట్ క్లైవును చేరింది.

క్లైవ్ స్థితి కూడా నిశ్చింతమైనది కాదు. ప్లాసీ యుద్ధం జరిగి ఏడాది దాటింది. నవాబు మీర్ జాఫర్ విశ్వాసపాత్రత సందేహాస్పదం. సైన్యాన్ని పంపితే వంగదేశం బలహీనమవుతుందని ఆలోచనసభ ప్రతికూలించింది. అయినా, సర్కారుల ఆదాయమే ఫ్రెంచివారికి ప్రాణాధారమనీ, అక్కడ తాకితే మదరాసుపై ఒత్తిడి సడలుతుందనీ క్లైవ్ నిశ్చయించాడు. సుమారు 500 మంది ఐరోపా సైనికులను, 2,000 మంది సిపాయిలను కర్నల్ ఫోర్డ్ నాయకత్వాన ఓడలపై పంపాడు. 1758 అక్టోబరు 20న ఆ సేన విశాఖపట్నంలో దిగింది.

డిసెంబరులో పిఠాపుర సమీపాన చందుర్తి వద్ద ఫోర్డ్ విజయం పొందాడు. తరువాత రాజమహేంద్రవరం వశమైంది. కాని రాజు ఇస్తానన్న ధనం అందక దినాలు వృథా అయినవి. మన వసిష్ఠా గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న నరసాపురాన్ని కూడా స్వాధీనం చేసుకొని, 1759 మార్చిలో ఫోర్డ్ సేన మచిలీపట్నం కోటను ముట్టడించింది. అక్కడ సంకటం పరాకాష్ఠకు చేరింది. కోటలోని ఫ్రెంచి బలం తక్కువది కాదు. వెనుకనుండి సలాబత్ జంగ్ మహాసేనతో బెజవాడ చేరాడు. జీతాలందక సైనికులు తిరుగబడ్డారు. మందుగుండు అడుగంటింది.

వెనుదిరగడం అసాధ్యమని ఎరిగి, ఏప్రిల్ 7 అర్ధరాత్రి కోటపై దాడికి ఫోర్డ్ ఆజ్ఞాపించాడు. ఆ వేళ సముద్రం ఆటులో ఉండి, కందకంలో నీరు తగ్గుతుందని ఆయన గణించాడు. బురదనేల వైపు నుండి ఒక దళం శత్రువు దృష్టిని మరల్చగా, ప్రధానదళం ఈశాన్య దిక్కున బురుజును ఎక్కింది. తెల్లవారేసరికి కోట వశమైంది. బందీల సంఖ్య గెలిచినవారి సంఖ్యను మించింది! కొద్ది దినాలకే ఫ్రెంచి ఓడలు సహాయక సేనతో వచ్చినవి; కాని అప్పటికే ఆలస్యమైంది.

ఆస్తికమహాశయులారా, పంచహేతువులను ఇక్కడ సమన్వయించి చూడండి. అధిష్ఠానం మచిలీపట్నం, కర్త ఫోర్డ్, కరణం సైన్యం, చేష్ట ఆ రాత్రి దాడి. ఆటుపోట్ల గణనం పురుషప్రయత్నమే. ఓడలు ముందే రాకపోవడం మాత్రం దైవం. ఇన్నింటిలో ఏ ఒక్కటి తప్పినా ఫోర్డ్ సాహసాన్ని అవివేకమని లోకం నిందించేది. కనుక ఫలాన్ని బట్టి మాత్రమే నిర్ణయాన్ని తూచరాదు.

సిద్ధి వేరు, ధర్మం వేరు అన్నది కూడా ఇక్కడ గ్రాహ్యం. రాజు కోరినది ఫ్రెంచివారి పీడ తొలగడం. లభించినది మరొక ప్రభువు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా వల్ల, 1766లో నిజాముతో సంధి వల్ల సర్కారులు కుంపిణీ పరమైనవి. పొలాలు దున్నినవారిని, దేవాలయాల్లో దీపం వెలిగించినవారిని ఎవరూ అడుగలేదు. పిలిచేటప్పుడు స్వేచ్ఛ మనది. పిలుపు ఫలించిన పిదప పగ్గాలు మన చేతిలో ఉండవు. గృహకలహమైనా రాజ్యకలహమైనా పరుని ఆశ్రయించే ముందు ఈ వివేకం అవశ్యం.

స్వస్తి.