గీతకు అటూ ఇటూ: తిరువూరు తండాల కథ

విజయవాడ నుంచి జగ్దల్‌పూర్ పోయే జాతీయ రహదారి మైలవరం దాటాక ఎ.కొండూరు మీదుగా తిరువూరు చేరుతుంది. తిరువూరు దాటిన కాసేపటికే తెలంగాణ వచ్చేస్తుంది. పెనుబల్లి, కల్లూరు, సత్తుపల్లి అన్నీ అటువైపు ఊళ్లే. ఈ గీత మాకు కొత్తేమీ కాదు. మా తాతల కాలంలో ఇటు మద్రాసు రాజధాని, అటు నిజాం రాజ్యం. 1953లో ఇటు ఆంధ్ర రాష్ట్రం, అటు హైదరాబాద్ రాష్ట్రం. 1956 నవంబరు 1న ఆ గీత కృష్ణా, ఖమ్మం జిల్లాల హద్దుగా తగ్గింది. 2014 జూన్ 2న మళ్లీ రాష్ట్రాల సరిహద్దు అయి కూర్చుంది. ఇచ్చిపుచ్చుకోవడాలు, పశువుల బేరాలు, మిరపకోతల కూలీలు ఏనాడూ ఆ గీతను లెక్కచేయలేదు.

లెక్కచేయక తప్పనిది లంబాడీలకు. ఎవరు గిరిజనులు, ఎవరు కారు, చట్టసభలో ఎవరికి కుర్చీ ఉంది, ఎవరికి లేదు అన్నది వాళ్ల విషయంలో ఆ గీతే తేల్చింది. తిరువూరు చరిత్ర రాసేవాళ్లు కోటలు, గుళ్లు, జమీందార్ల గురించి రాస్తారు. తండాల సంగతి మాత్రం ఒకటి రెండు వాక్యాల్లో దాటేస్తారు. ఆ లోటు కొంతైనా తీర్చాలని ఈ నాలుగు మాటలు.

లంబాడీలది స్థిరంగా ఒకచోట ఉన్న బతుకు కాదు. వందల ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తా నుంచి దక్కను లోపలికి, అక్కడి నుంచి కోస్తాకు తిరిగిన వర్తకులు వాళ్లు. మొఘల్ సైన్యాలకు, నిజాంకు, టిప్పు సుల్తాన్ మీదికి దండెత్తిన కార్న్‌వాలిస్ సైన్యానికి గింజలు చేరవేసింది ఈ బిడారులే. సముద్రపు ఉప్పు నిజాం రాజ్యంలోకి పోవడానికి కృష్ణా జిల్లా దారులు దగ్గర. 1889లో నిజాం రైలు బెజవాడ దాకా వచ్చింది. వారాల తరబడి ఎడ్లు మోసే సరుకు ఒక్క రాత్రిలో గూడ్సు బండి మోసుకుపోయింది. వర్తకం పడిపోయాక బిడారులు మేత, నీళ్లు దొరికిన మెట్ట భూముల్లో ఆగిపోయాయి. ఎ.కొండూరు చుట్టుపక్కల గుట్టల వెంట ఇవాళ కనిపించే తండాలు అట్లా నిలిచిన బతుకులే.

తండాకు తనదైన పాలన ఉండేది. నాయక్ పెద్ద, పక్కన అతనికి సాయంగా కార్‌భారి. తగాదా వస్తే నాయక్ ఇంటి ముందు అందరూ కూర్చునేవాళ్లు. ఆడపడుచు కాపురం, మేత భూమి, అప్పు, ఏదైనా అక్కడే తేలేది. తీజ్ పండక్కి ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచడం, ఫిబ్రవరి 15న సేవాలాల్ మహరాజ్ జయంతికి భోగ్ పెట్టడం ఇప్పటికీ నడుస్తున్నాయి. సేవాలాల్ 1739లో గుత్తి ప్రాంతంలో పుట్టారని లంబాడీల నమ్మకం. అంటే తమ గురువు పుట్టిన నేల కూడా ఈ తెలుగు నేలే అని వాళ్లు చెప్పుకుంటారు.

ఇట్లాంటి జనాన్ని సర్కారు మొదట గుర్తించింది నేరస్థుల చిట్టాలో. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పెట్టి, 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో కేంద్రం ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఎరుకలు, యానాదులు, లంబాడీలు ముగ్గురూ ఇప్పటి లెక్కల్లో విముక్త జాతులే. మామిడి తోటలకు కాపలా ఉండే యానాది, బుట్టలల్లే ఎరుకల, పత్తి ఏరే లంబాడీ, ముగ్గురూ మా తిరువూరు చుట్టుపక్కల మనుషులే.

ఆ తర్వాత వచ్చింది రెండో జాబితా, షెడ్యూల్డ్ తెగలది. ఇక్కడే మా గీత కథ మొదలవుతుంది. 1956లో సవరించిన జాబితాలో సుగాలీలు అనగా లంబాడీలు, యానాదులు, ఎరుకలు ఉన్నారు. కాని హైదరాబాద్, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్, నిజామాబాద్, మెదక్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం, నల్లగొండ జిల్లాలను అందులో మినహాయించారు. అన్న ఎ.కొండూరు తండాలో ఉంటే ఎస్టీ. అదే అన్న చెల్లెల్ని కల్లూరు వైపు ఇస్తే, అక్కడ పుట్టిన మేనల్లుడు ఎస్టీ కాడు. అదే భాష, అదే ఇంటిపేరు, అదే భోగ్. ఇరవై ఏళ్లు ఇట్లాగే గడిచింది. 1976లో పార్లమెంటు చట్టం చేసి ఆ ప్రాంతీయ పరిమితి ఎత్తేసింది. 1977 జూలై నుంచి అది అమలులోకి వచ్చింది. అప్పుడుగాని మేనమామకూ మేనల్లుడికీ ఒకే గుర్తింపు దక్కలేదు.

రాష్ట్రాలు మారితే ఇప్పటికీ అంతే. కర్ణాటకలో లంబాణీలు షెడ్యూల్డ్ కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. ఒక రాష్ట్రపు ఎస్టీ గుర్తింపు ఇంకో రాష్ట్రంలో చెల్లదని సుప్రీంకోర్టు 1990లో తేల్చి చెప్పింది. ఆ కేసు వేసిన విద్యార్థి మన తెనాలిలో పుట్టి బొంబాయిలో వైద్య విద్య సీటు అడిగినవాడే. 2014 తర్వాత మా గీత మళ్లీ రాష్ట్రాల సరిహద్దు కావడంతో తండాల్లో అటూ ఇటూ పెళ్లిళ్లు చేసుకున్న కుటుంబాలకు ధ్రువపత్రాల చిక్కులు మళ్లీ మొదలయ్యాయి. ఇటు ఎస్టీ రిజర్వేషన్ 6 శాతం. అటు 2022 సెప్టెంబరులో 10 శాతం చేశారు.

గుర్తింపు విషయంలో మేం ముందున్నాం. ప్రాతినిధ్యం దగ్గరికి వచ్చేసరికి అటువైపు వాళ్లు ముందుకు పోయారు. తిరువూరు దశాబ్దాలుగా ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. తిరువూరు, విస్సన్నపేట, గంపలగూడెం, ఎ.కొండూరు మండలాలు ఇందులో ఉన్నాయి. ఎస్సీ సీటు దళితుల పోరాటం తెచ్చిన హక్కు. దాన్ని ఎవరూ తగ్గించి చూడకూడదు. ఆ సీటు నుంచే 2004లో కోనేరు రంగారావు గెలిచి మంత్రి అయ్యారు. ఆయన అధ్యక్షతన వేసిన భూమి కమిటీ పేదల భూములపైనా, గిరిజనుల భూములపైనా చేసిన సిఫార్సులను రాష్ట్రమంతా ఇప్పటికీ తలుచుకుంటుంది. మా ఎమ్మెల్యే చేసిన పనుల్లో చరిత్రలో నిలిచేది అది. అయితే తండా మనిషి ఈ సీటుకు పోటీ చేయలేడు. జిల్లాలో రిజర్వుడు కాని సీట్లలో పోటీ చేయడానికి అడ్డు లేదు గానీ, ఏ పార్టీ టికెట్ ఇస్తుంది?

గంటన్నర ప్రయాణంలో ఉన్న వైరా సంగతి చూడండి. 2009 నుంచి అది ఎస్టీ సీటు. ఆ ఏడాది సీపీఐ తరఫున బానోత్ చంద్రావతి గెలిచారు. తర్వాత బానోత్ మదన్‌లాల్, లావుడ్యా రాములు నాయక్, 2023లో మాలోత్ రాందాస్ నాయక్. నలుగురూ లంబాడీలే. 1956లో ఎస్టీలుగా గుర్తింపే లేని జిల్లాలో తండా బిడ్డలు శాసనసభలో కూర్చుంటున్నారు. 1956 నుంచీ గుర్తింపు ఉన్న మా తండాలకు ఒక్కరూ లేరు.

ఇది ఎవరి కుట్రా కాదు, చట్టంలోని ఏర్పాటు. 2002 నాటి డీలిమిటేషన్ చట్టం ఎస్సీ సీట్లను రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాలకు పంచమంది. ఎస్టీ సీట్లను మాత్రం వాళ్ల జనాభా నిష్పత్తి అన్నిటికన్నా ఎక్కువున్న చోట్లే పెట్టమంది. ఆ లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ సీట్లు ఏడు: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం, పోలవరం. అన్నీ ఏజెన్సీ అంచున, ఏజెన్సీ లోపల ఉన్నవే. శ్రీకాకుళం కొండల నుంచి గోదావరి దాకా ఆ ఏడూ అయిపోయాయి. పోలవరానికి దక్షిణాన కృష్ణా, గుంటూరు, ప్రకాశం, నెల్లూరు, రాయలసీమ మొత్తం మీద ఒక్క ఎస్టీ సీటు లేదు. నెల్లూరు యానాదులకు లేదు, అనంతపురం, కర్నూలు సుగాలీలకు లేదు, మా ఎ.కొండూరు తండాలకు లేదు. మైదానంలో చెదిరి ఉన్న తెగకు ఏ ఒక్క నియోజకవర్గంలోనూ సంఖ్య సరిపోదు. ఓటు ఉంటుంది, ఆ ఓటు ఎక్కడా ఒక సీటుగా కూడదు.

2024 మే 13న తండా ఆడవాళ్లు, అద్దాల రవికల్లో ఉన్న ముసలమ్మలు, చీరల్లో ఉన్న కోడళ్లు, పొద్దున్నే వరుస కట్టి ఓటేశారు. ఓటు విషయంలో తండా ఎప్పుడూ వెనకబడలేదు. అభ్యర్థి జెండా పట్టుకుని తండాకు వస్తాడు, నాయక్ భుజం మీద చెయ్యి వేస్తాడు, సేవాలాల్ గుడికి చందా రాస్తాడు. ఆ రోజు గడిచాక తండా మాట ఎవరు మోయాలి?

ఆ మాట మోసేవాళ్లు లేకపోతే ఏమవుతుందో ఎ.కొండూరు నీళ్లే చెబుతాయి. ఏళ్ల తరబడి ఆ తండాల్లో మూత్రపిండాల జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. నలభై ఏళ్ల మగవాళ్లు కూలికి పోలేక మంచం పట్టారు. డయాలసిస్‌కు తిరిగే ఖర్చుకు మేకలు, గేదెలు అమ్మేశారు. ఇళ్ల ముందు నీలం రంగు డ్రమ్ములు పెట్టి ట్యాంకరు కోసం చూసిన రోజులు ఎన్నో. బోరు నీళ్లు వద్దు, కృష్ణా నీళ్లు కావాలని తండావాళ్లు అడుగుతూనే వచ్చారు. ధర్నాలు, పత్రికల వార్తలు, నాయకుల పరామర్శలు అన్నీ అయ్యాకగాని పైపులైను పథకం కదల్లేదు. శాసనసభలో తండా నుంచి వెళ్లిన మనిషి ఉంటే తొలి చావు దగ్గరే ప్రశ్న లేచేదని నేను నమ్ముతాను. అయినవాళ్లను పోగొట్టుకున్న మనిషి అడిగే తీరు వేరు, వినతిపత్రం అందుకున్న మనిషి అడిగే తీరు వేరు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 1976 సవరణ తర్వాత ఉద్యోగాలు, సీట్లు లంబాడీలకే ఎక్కువగా పోయాయని ఆదిలాబాద్ గోండులు, కోయలు 2017 నుంచి ఉద్యమం చేస్తున్నారు. లంబాడీలను జాబితా నుంచి తీసేయాలన్నది వాళ్ల డిమాండు. తీసేయమనడంతో నేను ఏకీభవించను. కాని వాళ్ల బాధ నిజం. అడవిలో ఉన్న తెగకూ రోడ్డు దగ్గరున్న తెగకూ అవకాశాలు ఒకేలా అందవు. అందుకే మైదాన గిరిజనులకు కావలసిన సీటు కొండ మీది గిరిజనుల సీటు కోసి ఇచ్చేది కాకూడదు, అదనంగా వచ్చేది కావాలి.

అదనంగా ఇవ్వడానికి లెక్క ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 294 సీట్లలో 19 ఎస్టీలవి. విభజనతో 12 తెలంగాణకు పోయాయి, 7 మిగిలాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలు 27 లక్షల పైచిలుకు, అంటే దాదాపు 5.5 శాతం. 175 సీట్లలో ఆ నిష్పత్తికి 9 దాటాలి. ఉన్నవి 7, అంటే 4 శాతం. రాజ్యాంగం 332వ అధికరణం జనాభా నిష్పత్తినే అడుగుతోంది. విభజన చట్టం ఏమో అసెంబ్లీ సీట్లను 225కు పెంచుకోవచ్చంది. 2026 తర్వాతి జనగణన ఆధారంగా నియోజకవర్గాల పునర్విభజన జరిగినప్పుడు మైదాన తెగలకు కనీసం రెండు మూడు సీట్లు దక్కేలా డీలిమిటేషన్ చట్టంలోని ఎస్టీ సీట్ల నిబంధనను మార్చమని ఇప్పటి నుంచే అడగాలి.

న్యూజిలాండ్‌లో మావోరీలకు 1867 నుంచి ప్రత్యేక సీట్లు ఉన్నాయి. ఇప్పుడు ఏడు. ఆ సీట్లు దేశం మొత్తాన్నీ కప్పుతాయి. మావోరీ జాబితాలో పేరు రాయించుకున్న మనిషి ఏ ఊళ్లో ఉన్నా తన జాతి సీటుకే ఓటేస్తాడు. చెదిరి ఉన్నంత మాత్రాన ప్రాతినిధ్యం పోదని, దానికి తగ్గ ఏర్పాటు చేసుకోవచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది. మన దగ్గర కులాల వారీ ఓటర్ల జాబితాలు వద్దని రాజ్యాంగ నిర్మాతలు ఆలోచించే అనుకున్నారు. అది అట్లాగే ఉండనీ. సీట్లు ఎక్కడ పెట్టాలన్న నిబంధన మాత్రం పార్లమెంటు మార్చగలిగిందే.

అంతదాకా ఆగనక్కర్లేని పనులు రెండున్నాయి. శాసనమండలిలో గవర్నరు నామినేట్ చేసే స్థానాలు 8. వాటిలో సమాజసేవ కోటా కింద ఒక సుగాలీనో ఒక యానాదినో పంపడానికి ఏ చట్టం మార్చనక్కర్లేదు. రెండోది పంచాయతీ. తెలంగాణ 2018లో వెయ్యికి పైగా తండాలను, గూడేలను పంచాయతీలు చేసింది. "మా తండాలో మా రాజ్యం" అని ఏళ్ల తరబడి వినిపించిన నినాదం అది. ఇక్కడ ఏ తండా అయినా పెద్ద ఊరి పంచాయతీలో ఒకటి రెండు వార్డులుగా ఉన్నంతకాలం గ్రామసభ పెద్ద ఊళ్లోనే జరుగుతుంది, నిధి ముందు పెద్ద ఊరి సిమెంటు రోడ్డుకే పోతుంది. జనం సరిపోయే తండాను విడిగా పంచాయతీ చేస్తే సర్పంచి తండా మనిషే అవుతాడు. అప్పుడు నాయక్ ఇంటి ముందు జరిగే కూటానికి చట్టం బలం తోడవుతుంది.

తిరువూరు 2022లో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. ఆర్డీవో ఆఫీసు మన ఊరికే వచ్చిందని సంబరపడ్డాం. తండావాళ్లకు అర్జీ ఇవ్వడానికి దూరం తగ్గింది, మంచిదే. కాని అర్జీ ఇచ్చే చేతికి నిర్ణయం చేసే చోటు కూడా కావాలి. 1956లో జాబితాలో ఎక్కిన పేరుకు సభలో కుర్చీ ఇప్పటికీ పడలేదు. ఈసారి పునర్విభజన కమిషన్ అభిప్రాయాలు అడిగినప్పుడు తిరువూరు తరఫున తండాల మాట అందులో ఉండాలి. దాన్ని ఒక్క లంబాడీలే రాసి పంపాలని అనుకోకూడదు. ఊళ్లో దళిత సంఘాలు, రైతు సంఘాలు, వ్యాపారులు, పదవీ విరమణ చేసిన మాస్టార్లు, అందరం సంతకం పెట్టాలి. పక్క తండాకు గొంతు ఇవ్వమని అడగడం మన ఊరి బాధ్యత.