మ్యాచ్ ఫిక్సింగ్ - నేర విచారణ

ఆట ఫలితాన్ని గాని, ఆటలోని ఒక భాగాన్ని గాని డబ్బు కొరకు ముందే నిర్ణయించుకొని ఆడటాన్ని మ్యాచ్ ఫిక్సింగ్ అంటారు. ఇది ఒక నోబాల్ వంటి చిన్న అంశానికి పరిమితమైతే స్పాట్ ఫిక్సింగ్ అంటారు. జరగబోయేది ముందే తెలిసిన బుకీ, అది తెలియక పందెం కాసినవారి సొమ్మును తేలికగా గెలుచుకుంటాడు. ఇటువంటి ఆటగాళ్ళను క్రీడా సంఘాలు నిషేధిస్తే చాలునా, లేక న్యాయస్థానాలు జైలుశిక్ష విధించవలెనా అనేది భారతదేశంలో 2000 నుండి చర్చనీయాంశంగా ఉన్నది.

చట్టాలు

పందేలు, జూదం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. బ్రిటిషు వారు 1867లో పబ్లిక్ గేంబ్లింగ్ చట్టం చేశారు. ఆంధ్ర ప్రదేశ్ 1974లో సొంత గేమింగ్ చట్టం చేసుకున్నది. ఈ చట్టాలు జూదగృహం నడిపేవారిని, అక్కడ ఆడేవారిని శిక్షిస్తాయి. డబ్బు తీసుకొని ఆటను అమ్ముకున్న క్రీడాకారుని ప్రస్తావన వీటిలో లేదు. అందువలన పోలీసులు మోసానికి సంబంధించిన 420వ సెక్షను వంటి వాటిని ఆశ్రయించారు.

ముఖ్యమైన కేసులు

2000 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోన్యే ఒక బుకీతో జరిపిన ఫోను సంభాషణలను ఢిల్లీ పోలీసులు బయటపెట్టారు. సి.బి.ఐ. విచారణ తరువాత, అదే సంవత్సరం డిసెంబరులో, హైదరాబాదుకు చెందిన మాజీ కెప్టెన్ మహమ్మద్ అజహరుద్దీన్‌పై భారత క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం విధించింది. ఆ నిషేధం చెల్లదని 2012 నవంబరులో ఆంధ్ర ప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది.

2013 మే నెలలో ఐ.పి.ఎల్. పోటీల సందర్భంగా శ్రీశాంత్‌తో సహా ముగ్గురు ఆటగాళ్ళు అరెస్టయ్యారు. 2015 జూలైలో ఢిల్లీ న్యాయస్థానం వారిని కేసు నుండి విముక్తులను చేసింది. మ్యాచ్ ఫిక్సింగ్ 420వ సెక్షను కిందకు రాదని, క్రమశిక్షణ చర్య తీసుకోవలసినది బోర్డేనని 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు పేర్కొన్నది.

ఇంగ్లాండులో పరిస్థితి వేరు. అక్కడ పందెం చట్టబద్ధం. పందెంలో మోసం చేయడం 2005 నాటి చట్టం ప్రకారం నేరం. 2010 లార్డ్స్ టెస్టులో కావాలని నోబాల్స్ వేసిన వ్యవహారంలో 2011 నవంబరులో లండన్ న్యాయస్థానం పాకిస్తాన్ ఆటగాళ్ళు సల్మాన్ బట్‌కు 30 నెలలు, మహమ్మద్ ఆసిఫ్‌కు ఒక సంవత్సరం, మహమ్మద్ ఆమిర్‌కు 6 నెలలు శిక్ష విధించింది.

వాదనలు

నేర విచారణ అవసరమనేవారు, బోర్డుకు తన ఆటగాళ్ళపై తప్ప బుకీలపై అధికారం లేదని, సోదాలు చేసే, ఫోను సంభాషణలు వినే అధికారం ప్రభుత్వానికే ఉందని చెబుతారు. వ్యతిరేకించేవారి దృష్టిలో ఇది ఆటగానికి, బోర్డుకు మధ్య ఉన్న ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. జీవనోపాధిని పోగొట్టే నిషేధమే తగిన శిక్ష అని వారి అభిప్రాయం. పందేలను పూర్తిగా నిషేధించడం వలన ఆ వ్యాపారం రహస్యంగా సాగి, నిఘాకు అందకుండా పోతుందని మరికొందరి వాదన.

సిఫారసులు

2016 జనవరిలో జస్టిస్ లోధా కమిటీ, 2018 జూలైలో లా కమిషన్ 276వ నివేదిక మ్యాచ్ ఫిక్సింగ్‌ను ప్రత్యేక నేరంగా ప్రకటించాలని సిఫారసు చేశాయి. శ్రీలంక 2019 నవంబరులో అటువంటి చట్టం చేసింది. భారత పార్లమెంటు 2025 ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించే చట్టాన్ని ఆమోదించింది. ఆ చట్టంలోని శిక్షలు వాటిని నడిపేవారికి, ప్రచారం చేసేవారికి, చెల్లింపులకు తోడ్పడేవారికి ఉద్దేశించినవి.