అల్లావుద్దీన్ కిస్సా అసలు చెప్పిందెవరు?

బచ్చోఁ! అల్లావుద్దీన్ దీపం కిస్సా తెలియని వాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? దాదీలు, నానీలు చెప్పారు. 1957లోనే మన తెలుగులో అక్కినేని నాగేశ్వరరావు సినిమా కూడా వచ్చింది. "ఇది ఏ కితాబులోది?" అని అడిగితే అందరం ఠక్కున "అలిఫ్ లైలా" అంటాం.

హకీకత్ వేరే ఉంది. పాత అరబ్బీ అలిఫ్ లైలా ప్రతుల్లో అల్లావుద్దీన్ లేడు. అలీబాబా, నలభై మంది దొంగలు కూడా లేరు!

మరి ఎక్కణ్ణుంచి వచ్చారు?

అలిఫ్ లైలా ఒక్కరు రాసిన కితాబు కాదు. దాని మూలం 'హజార్ అఫ్సానా' అనే ఫార్సీ కితాబు అని వెయ్యేళ్ళ కిందటే బగ్దాద్‌లో ఇబ్న్ నదీమ్ రాసిపెట్టాడు. తర్వాత అరబ్ షహర్లలో ఒక్కొక్కరు ఒక్కో దాస్తాన్ కలుపుతూ పోయారు.

1704లో ఆంత్వాన్ గలాఁ అనే ఫ్రాన్స్ పండితుడు దాన్ని ఫ్రెంచిలో వేయడం మొదలుపెట్టాడు. జనం ఎగబడి చదివారు. కానీ ఆయన దగ్గరున్న సిరియా ప్రతిలో సుమారు 280 రాత్రుల కథలే ఉన్నాయి. అవి అయిపోయాయి. జనమేమో ఇంకా కావాలంటున్నారు!

అప్పుడే, 1708లో, సిరియాలోని హలబ్ (అలెప్పో) నుంచి ఒక నౌజవాన్ పారిస్ వచ్చాడు. పేరు హన్నా దియాబ్. ఆడపిల్ల పేరనుకునేరు! మనం యహ్యా అనే పేరునే అరబ్ క్రైస్తవులు ఇలా పిలుచుకుంటారు. వయసు ఇరవై ఏళ్ళు. బాద్షా గారి కుతుబ్‌ఖానాలో నౌకరీ ఇప్పిస్తానని ఒక ఫ్రెంచి ముసాఫిర్ ఆశ చూపి తీసుకొచ్చాడు. ఆ నౌకరీ రానే లేదు. కానీ గలాఁ అడిగితే హన్నా పదికి పైగా కిస్సాలు చెప్పాడు. అల్లావుద్దీన్, అలీబాబా వాటిలోవే.

గలాఁ తన డైరీలో హన్నా పేరు రాసుకున్నాడు. అచ్చయిన కితాబులో మాత్రం రాయలేదు. కిస్సాలు దునియా అంతా తిరిగాయి. చెప్పినవాడు హలబ్ తిరిగి వెళ్ళి బట్టల వ్యాపారం చేసుకున్నాడు.

ముసలితనంలో, 1764 ప్రాంతంలో, హన్నా తన సఫర్ ముచ్చట్లు అరబ్బీలో రాసుకున్నాడు. వర్సాయ్ మహల్‌లో 14వ లూయీ బాద్షాని చూసింది కూడా అందులో ఉంది. పారిస్‌లో ఒక ముసలాయనకి కిస్సాలు చెప్పానని కూడా రాశాడు, అంతే. అవి ఎంత మషూర్ అయ్యాయో ఆయనకి తెలిసినట్టే కనిపించదు. ఆ రాతప్రతి వాటికన్ కుతుబ్‌ఖానా చేరింది. మొదటి పేజీలు పోవడంతో అది ఎవరిదో చాలాకాలం తెలియలేదు. 1993లో గానీ హన్నాదని గుర్తుపట్టలేదు.

బచ్చోఁ, కిస్సా రాసినవాడికి ఎంత ఇజ్జత్ ఉందో, నోటితో చెప్పినవాళ్ళకీ అంత హక్కు ఉంది. ఈ రాత్రి మీ నానీనో దాదీనో ఒక కిస్సా అడగండి. పొద్దున్నే నోట్‌బుక్‌లో రాసుకోండి. రాసేటప్పుడు మొదటి లైన్‌లోనే ఆమె పేరు రాయండి. ఆమెకి ఎవరు చెప్పారో అడిగి, ఆ పేరు కూడా రాయండి.