పార్కులో ఇరుక్కున్న గేరు వెనక కథ

ఆమధ్య చలికాలంలో ఒక రాత్రి పదకొండింటికి మా పాపకి ఆయాసం ఎక్కువైంది. హాస్పిటల్ పది నిమిషాల దూరం. కారు స్టార్టయింది గానీ గేరు పార్కులోంచి కదిలితే ఒట్టు! బ్రేకు తొక్కాను, లాగాను, తిట్టాను.. ఊహూఁ. చివరికి 911కి ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చింది. పాప క్షేమం. (ఆ పని ముందే చెయ్యాల్సింది, మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.)

మర్నాడు చూస్తే వెనక బ్రేకు లైట్లు కూడా వెలగట్లేదు. పెడల్ దగ్గరుండే చిన్న స్విచ్ పోయింది. మా కార్లో లైట్లకీ, గేరు తాళానికీ సిగ్నల్ ఇచ్చేది అదే. అది పోతే మనం బ్రేకు మీదెక్కి నిలబడ్డా కారు నమ్మదు. ఈ డిపెండెన్సీ ఎవడు పెట్టాడ్రా బాబూ అని తవ్వితే 1986లో తేలాను.

అప్పట్లో అమెరికాలో ఆడి 5000 కార్లు పార్కులోంచి తియ్యగానే వాటంతటవే దూసుకుపోతున్నాయని గొడవ. బ్రేకు తొక్కినా ఆగలేదని డ్రైవర్లు, మీరు తొక్కింది యాక్సిలరేటర్ అని కంపెనీ. మనకి అలవాటైన గొడవే కదా, బగ్గా యూజర్ ఎర్రరా అని! 1986 నవంబరులో సీబీఎస్ వాళ్ళ '60 మినిట్స్'లో యాక్సిలరేటర్ తనంతట తనే కిందకి దిగడం చూపించారు. ట్రాన్స్‌మిషన్‌కి బెజ్జం పెట్టి బయటినుంచి గాలి కొట్టారన్న ముక్క మాత్రం చూసేవాళ్ళకి చెప్పలేదు. 1985లో 74 వేలు అమ్మిన ఆడి 1991కి 12 వేలకి పడిపోయింది.

1989లో ప్రభుత్వ రిపోర్టు వచ్చింది. చాలావరకు పొరపాటున తప్పు పెడల్ తొక్కడమే కారణమంది. అలాగని కంపెనీది తప్పే లేదనడానికి నాకు మనసొప్పదు. ఆ పెడల్స్ అమర్చిన తీరు అమెరికన్ కార్లకి అలవాటు పడ్డ కాలికి కొత్త. యూజర్లందరూ ఒకేచోట తప్పు చేస్తుంటే అది డిజైన్ సంగతే.

ఏదైతేనేం, 1987లోనే ఆడి రీకాల్ చేసి, బ్రేకు తొక్కితే తప్ప పార్కులోంచి రాని తాళం బిగించింది. తర్వాత మిగతావాళ్ళూ పెట్టారు. పిల్లలు గేరు లాగి కారు దొర్లిపోయే ప్రమాదాలు ఆపడానికి 2008లో చట్టం కూడా వచ్చింది. అమెరికాలో 2010 సెప్టెంబరు నుంచి తయారయ్యే ఆటోమేటిక్ కార్లన్నిటికీ ఇది తప్పనిసరి.

తాళం పెట్టినవాళ్ళు చాలా కార్లలో దొడ్డిదారీ ఉంచారు. గేరు పక్కన గోరంత ప్లాస్టిక్ మూత. ముందు హ్యాండ్ బ్రేకు గట్టిగా వెయ్యాలి, లేకపోతే వాలులో కారు దొర్లిపోతుంది. ఇంజను ఆపి, తాళంచెవి 'ఆన్'లో ఉంచి, బ్రేకు తొక్కిపట్టి, మూత ఊడదీసి లోపలున్నదాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కుతూ గేరు న్యూట్రల్‌కి లాగాలి. అక్కడే స్టార్ట్ చేసుకోవచ్చు. బ్రేకు లైట్లు ఉండవు కాబట్టి నేరుగా మెకానిక్ దగ్గరికే. బటన్, నాబ్ గేర్ల కొత్త కార్లలో పద్ధతి వేరు, కొన్నిటిలో ఈ మూతే ఉండదు. మాన్యువల్ చూడాల్సిందే.

మా కారు మాన్యువల్లో ఇదంతా బొమ్మతో సహా ఉంది. ఆరేళ్ళుగా ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు నేను. రోజూ జూనియర్లకి డాక్యుమెంటేషన్ చదవండయ్యా అని చెప్పేది కూడా నేనే లెండి.