స్మారకశిలలు – స్మరణధర్మము

వీరుల పేర నగరోద్యానములలో స్తంభములు నిలుపుట పాశ్చాత్యుల యాచారమని మనలో పెక్కురు తలంతురు. కాని ఊరి పొలిమేరలలో వీరగల్లులు నిలిపిన మనకు ఈ ధర్మము క్రొత్తది గాదు. నిలిపిన రాతికి మన మెట్లు ఋణపడియుందుము అనునదియే విచారణీయము.

పోలండు రాజధానియగు వార్సాలో, సాక్సన్ ఉద్యానమున, 1925వ సంవత్సరమున అజ్ఞాతసైనికుని సమాధి వెలసెను. 1944 డిసెంబరులో జర్మను సేనలు దానికి నీడయైన రాజప్రాసాదమును పేల్చివేయగా కొన్ని కమానులు మాత్రము మిగిలెను. ఆ ప్రజలు ఆ శిథిలమునే పూజ్యముగా నిలుపుకొనిరి. నేటికిని అచట సైనికులు కావలి కాయుచునే యున్నారు.

ఇట్టి చరిత్రమే మన ఆదిలాబాదు సీమలోను గలదు. 1981 ఏప్రిల్ 20వ తేదీని, సంతనాడు, భూములకై ఇంద్రవెల్లిలో సమావేశమైన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. మృతులు 13 మంది యని ప్రభుత్వము చెప్పెను. అంతకు పెక్కురెట్లని ప్రజలందురు. వారి జ్ఞాపకార్థము వెలసిన స్తూపము కొలదికాలమునకే కూల్చబడి, మరల కట్టబడెను. ఐనను ఏండ్లతరబడి అచట నివాళి యర్పించుటకు నిషేధాజ్ఞలు అడ్డువచ్చెను. రాయిని నిలువనిచ్చి కన్నీటిని వలదనుట ఏమి న్యాయము?

ఇంతకుముందు నిర్మలలో స్తంభము లేదు, వృక్షమే స్మారకము. 1860వ సంవత్సరమున రాంజీ గోండును, ఆయన యనుచరులను ఉరిదీసిన మఱ్ఱిని ప్రజలు 'వెయ్యి ఉరుల మఱ్ఱి' యనిరి. ఆ మ్రాను నేడు లేదు. పేరు మాత్రము నిలిచినది.

1940వ సంవత్సరమున జోడేఘాటులో నిజాము పోలీసుల గుండ్లకు బలియైన కుమురం భీమునకును మొదట స్మారకము పున్నమి వెన్నెలయే. గోండులు ఆశ్వయుజ పూర్ణిమనాడు ఆయన వర్ధంతి జరుపుదురు. పిదప విగ్రహములు లేచెను. జోడేఘాటున వస్తుప్రదర్శనశాల వెలసెను. 2016వ సంవత్సరమున ఒక జిల్లాకే ఆయన పేరిడిరి. ఇవన్నియు ముదావహములే.

అయితే ఆ పోరాటమునకు తొలి నిజమైన స్మారకము వేరొకటి గలదు. తిరుగుబాటు కారణములు తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము నియోగించిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫు. ఆయన కృషి వలన 1943వ సంవత్సరమున మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణాలయ మేర్పడెను. వేలాది కుటుంబములకు భూమి పట్టాలు లభించెను. ఆ దంపతుల స్మారకములను ఆ గ్రామస్థులు నేటికిని ఆదరముతో కాపాడుచున్నారు. తమకు మేలుచేసిన పరదేశీయుని వారు మరవలేదు.

పోడుభూముల పట్టాల పంపిణీ 2023 జూన్ 30వ తేదీని ఆసిఫాబాదులో ఆరంభమైనది. భీముడు మడిసి ఎనుబది మూడేండ్లు గడచినవి! జల, అడవి, భూములకై మడిసినవానికి పూలదండ వేయుట సులభము. ఆయన యడిగిన దానిని ఆయన మనుమలకు ఇచ్చుట కష్టము. పాఠశాలనుండి విద్యార్థులను జోడేఘాటునకు కొనిపోవు ఉపాధ్యాయులు, బిడ్డలకు చరిత్ర చెప్పు తల్లులు, విగ్రహపు టెత్తు చెప్పి ఊరకుండక, ఆ వీరుడేమి యడిగెనో, అందెంత చెల్లినదో, ఎంత మిగిలినదో కూడ చెప్పవలయును. ఋణము లెక్కకు వచ్చినప్పుడే స్మరణము సార్థకమగును.