పరిశోధన: తీర్చవలసిన బాకీ

బెంగాలీలో ‘పరిశోధ్’ అంటే అప్పు తీర్చడం. ‘ఋణ పరిశోధ్’ అక్కడ బ్యాంకు కాగితాల్లోనూ మామూలు మాటల్లోనూ తిరిగే పలుకుబడి. మనం పరిశోధన అని పిలిచే పనిని బెంగాలీలు ‘గవేషణ’ అంటారు. ఒకే సంస్కృత పదం గంగ ఒడ్డున బాకీ చెల్లింపు అయింది, గోదావరి ఒడ్డున యూనివర్సిటీ చదువు అయింది. ఈ రెండు అర్థాలూ పైకి కనిపించేంత దూరమైనవి కావు. సాహిత్యం, చరిత్ర, భాష, సమాజం గురించి పరిశోధన చేసే విద్యార్థులూ అధ్యాపకులూ ఆ బెంగాలీ అర్థాన్ని కూడా తమదిగా చేసుకోవాలన్నది నా గట్టి నమ్మకం.

ముందు ధాతువు సంగతి. ‘శుధ్’ అంటే శుభ్రపడటం. శుద్ధి, శుద్ధం, శోధన అన్నీ దాని సంతానమే. అమరకోశం చీపురుకి చెప్పిన పేర్లలో ‘శోధని’ ఒకటి. ఆయుర్వేదంలో పాదరసం, గంధకం మందుగా పనికిరావాలంటే ముందు వాటికి శోధన జరగాలి, అంటే వాటిలోని దోషం పోవాలి. ‘పరి’ అంటే అన్ని వైపులా. కాబట్టి పరిశోధన అసలు అర్థం మూలమూలలా శుభ్రం చేయడం. సంస్కృత నిఘంటువులు ఆ పక్కనే బాకీ చెల్లించడం అనే అర్థమూ ఇస్తాయి. అప్పు కూడా మనిషికి అంటిన మకిలే కదా, తీరిస్తే శుద్ధుడవుతాడు. వెతకడం అనే అర్థం వీటికి ఎలా తోడైందో ఊహించడం కష్టం కాదు. బియ్యంలో రాళ్లు ఏరే చేతికి శుభ్రం చేయడమూ వెతకడమూ వేరు వేరు పనులు కావు.

తెలుగులో ఈ కుటుంబం చాలా ఇళ్లలో కాపురం పెట్టింది. శోధించు అన్నది జనం నోట ‘సోదించు’ అయింది. పోలీసులు ఇంట్లో చేసేది సోదా. క్రైస్తవుల తెలుగులో శోధన అంటే మనసుకు ఎదురయ్యే పరీక్ష, ప్రలోభం. మనిషిని ఆ పరీక్షకు గురిచేసేవాడు శోధకుడు. ఒక తరం పాఠకులకు పరిశోధకుడు అనగానే గుర్తొచ్చింది కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్. అప్పట్లో ఆ నవలలకు పేరే అపరాధ పరిశోధక నవలలు. ఇరుగుపొరుగు భాషలు తలా ఒక దారి పట్టాయి. కన్నడం, మరాఠీ ‘సంశోధన’ను ఎంచుకున్నాయి. అదే మాట హిందీకి వెళ్లి రాజ్యాంగ సవరణ అయి కూర్చుంది. తమిళులు ‘ఆరాయ్చి’ అని సొంత మాట నిలుపుకున్నారు. దానికి చుట్టమైన ‘ఆరయు’ మన పాత కావ్యాల్లో బోలెడన్నిసార్లు వస్తుంది, మనం మాత్రం వాడుకలో పోగొట్టుకున్నాం.

గవేషణ మాటను కాస్త ఆగి చూడాలి. గో, ఏషణ, ఆవులను వెతకడం. వేదకాలపు పశుల కాపరుల మాట అది, అందమైనది. అయినా మానవీయ శాస్త్రాలకు మన మాటే ఎక్కువ తగిందని నేననుకుంటాను. తప్పిపోయిన ఆవు రంగేమిటో, కొమ్ములెలా ఉంటాయో వెతికేవాడికి ముందే తెలుసు. ఒక ఊరికి వెళ్లే సామాజిక శాస్త్ర విద్యార్థికి అలా ముందే తెలిసి ఉంటే చిక్కు. తాను వెతుకుతున్న జవాబు ప్రశ్నావళిలోనే దాచిపెట్టుకుని వెళ్తే, ఊరంతా తిరిగి తన జవాబునే మోసుకొస్తాడు. శోధన అలా కాదు. కడిగితే ఏం బయటపడుతుందో కడిగేవాడికి తెలియదు.

ఇది ఉత్త మాటల పోలిక కాదు. తెలుగునాట చరిత్ర పరిశోధన నిజంగానే రాళ్లు కడగడంతో మొదలైంది. 1922లో రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు పేరు మీద లక్ష్మణరాయ పరిశోధక మండలి పనిచేసి, 1935లో తెలంగాణ శాసనాల సంపుటం తెచ్చింది. ఆదిరాజు వీరభద్రరావు లాంటి వాళ్లు దాని వెనుక ఉన్నారు. శాసనానికి అచ్చు తీయడం దగ్గరగా చూస్తే ఆ పనికి పరిశోధన అని పేరు ఎంత సరిగ్గా అమరిందో తెలుస్తుంది. ముందు రాయి మీద నాచు, మట్టి, ఏళ్ల తరబడి పేరుకున్న సున్నం, నూనె జిడ్డు బ్రష్షుతో రుద్ది నీళ్లతో కడుగుతారు. తడిపిన కాగితం రాయికి అతికిస్తారు. గట్టి బ్రష్షుతో మెల్లగా కొడుతూ పోతే కాగితం అక్షరాల పల్లాల్లోకి దిగుతుంది. ఆరీ ఆరకముందే సిరా అద్దిన గుడ్డ ముద్దతో తడుతూ వెళ్తారు. రాయి ఉపరితలం నల్లబడుతుంది, చెక్కిన అక్షరం తెల్లగా నిలుస్తుంది. కాగితం చిరిగితే మళ్లీ మొదటికే. అమరావతి రాతి ముక్క మీద ‘నాగబు’ అన్న ఒక్క మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి తెలుగు మాటగా గుర్తుపట్టడం వెనుక ఇలాంటి ఓపికే ఉంది.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. రాతి మీది మట్టిని కడగవచ్చు గానీ అక్షరాన్ని చెక్కకూడదు. చెక్కినవాడు ఒత్తు తప్పు రాశాడా, దీర్ఘం మరిచాడా, అది అలాగే ఉండాలి. సవరణ కావాలంటే పక్కన చూపిస్తారు, అడుగున రాస్తారు. పరిశోధన అంటే శుద్ధి చేయడమే, కానీ పోగొట్టేది వేటిని? మన కంటికీ వస్తువుకీ మధ్య పేరుకున్నవాటిని. వస్తువును కాదు.

ఈ తేడా చెరిగిపోయిన చోట మన పరిశోధనకు చాలా నష్టం జరిగింది. జానపద గేయాలు సేకరించినవాళ్లలో కొందరు పాటలోని ‘తప్పులు’ దిద్దారు. బూతు అనుకున్న చరణం ఎత్తేశారు, యాస తీసేసి వ్యాకరణం పెట్టారు. తాళపత్రాలను ఎత్తి రాసిన పండితులు తమకు నచ్చని పాఠాన్ని ‘బాగు’ చేశారు. అందుకే బిరుదురాజు రామరాజు చేసిన పని నాకు అంత విలువైనది. జానపద గేయం మీద ఉస్మానియాలో పిహెచ్‌డి చేసి, ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’గా 1958లో ప్రచురించారు. పల్లెల్లో పాడే పాట యూనివర్సిటీ చదువుకు తగిన వస్తువని నిలబెట్టిన గ్రంథం అది. భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వెలువడింది. రాయలసీమ రైతు మడక అన్నదాన్ని ఇంకోచోట నాగలి అంటారు. పదకోశం వీటిలో ఒకటి సరైనదనీ మరొకటి అపభ్రంశమనీ తేల్చదు. మేడి, కర్రు, కాడి అంటూ ఒక్కో భాగానికి ఏ ప్రాంతంలో ఏ మాట ఉందో అలాగే రాస్తుంది. ట్రాక్టర్లు వచ్చాక ఆ వస్తువులే పొలాల్లోంచి పోతున్నాయి. ఆ మాటల్లో చాలావాటికి ఇప్పుడు ఆ పుస్తకమే చిరునామా.

ఇక బాకీ సంగతి. మనవాళ్లకు అప్పు, చదువు ఒకదానికొకటి కొత్తవి కావు. మనిషి మూడు రుణాలతో పుడతాడని వైదికులు చెప్పే మాటలో ఋషిరుణం తీరేది చదువుతోనే. అంటే పూర్వీకుల దగ్గర తెలుసుకున్నదాన్ని చదివి నిలబెట్టడమే చెల్లింపు. కానీ పాట పాడిన అమ్మకు, నాగలి భాగాల పేర్లు చెప్పిన రైతుకు పడ్డ బాకీ ఆ లెక్కలో ఎక్కడా లేదు.

ఆ బాకీని గుర్తించినవాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో బడిపంతులు. చుట్టుపక్కల కొండల్లోని సవరల మాట ఎవరికీ పట్టని రోజుల్లో, సవర తెలిసిన మనిషిని దగ్గర పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. ఆ కృషి ఫలాలు 1931లో సవర వ్యాకరణంగా, 1938లో నిఘంటువుగా అచ్చయ్యాయి. భాషాశాస్త్రం ఆయన్ను గుర్తుపెట్టుకున్నది వీటికే. నేను ఆయనకు దండం పెట్టేది మాత్రం మరోదానికి. వ్యాకరణం, నిఘంటువు పండితులకు చేరకముందే ఆయన సవర పిల్లల కోసం సవర భాషలో వాచకాలు రాశాడు, బడులు పెట్టించాడు. ఎవరి నోటి నుంచి మాట తీసుకున్నాడో వాళ్ల పిల్లల చేతికే ఆ మాటను పుస్తకంగా తిరిగి ఇచ్చాడు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటాన్ని పాఠాలుగా చెప్పుకుంటాం. ఈ చెల్లింపు గురించి అంతగా చెప్పుకోం.

తెలుగు కావ్యాలు సేకరించిన ఇంగ్లీషు అధికారి సి.పి.బ్రౌన్ సంగతి వేరు. ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్చి చూపించి, శుద్ధప్రతి రాయించేవాడు. జీతం చాలక అప్పులు కూడా చేశాడు. ఆయన విషయంలో పరిశోధనకూ అప్పుకూ సంబంధం అక్షరాలా నిజం.

ఊరికి పడ్డ బాకీకి మళ్లీ వస్తే, 1951-52లో ఉస్మానియా యూనివర్సిటీ నుంచి మానవశాస్త్రవేత్త ఎస్.సి.దూబె ఆధ్వర్యంలో ఒక బృందం హైదరాబాదు పక్కన శామీర్‌పేటకు వెళ్లింది. అధ్యాపకులు, విద్యార్థులు కలిసి వెళ్లారు. సమాజశాస్త్రం వాళ్లతో పాటు వైద్యం, పశువైద్యం, వ్యవసాయం చదివేవాళ్లూ ఉన్నారు. ఊరి కులాలు, కుటుంబాలు, పండగలు, పంటలు రాసుకుంటూనే చేతనైన సేవ కూడా చేయడం ఆ పథకంలో భాగం. 1955లో ‘ఇండియన్ విలేజ్’ పేరుతో వచ్చిన దూబె పుస్తకాన్ని సమాజశాస్త్రం చదివేవాళ్లు ఈనాటికీ తిరగేస్తారు. అప్పటి పల్లె ఇప్పుడు నగరం అంచున ఉంది, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. ఆ బృందం పద్ధతిలో నాకు నచ్చేది ఒకటే: తీసుకోవడమూ ఇవ్వడమూ అదే ఊళ్లో, అదే కాలంలో జరిగాయి. ఇవ్వడాన్ని పుస్తకం వచ్చేదాకా వాయిదా వేయలేదు.

ఇప్పుడు మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధక విద్యార్థి దృష్టంతా వేరే చోట ఉంటుంది. సినాప్సిస్, కోర్సు వర్కు, గైడు సంతకం, వైవా. తప్పు పట్టడం లేదు, ఫెలోషిప్ ఆలస్యమైతే హాస్టల్ మెస్సు బిల్లు ఎలా కట్టాలన్నది నిజమైన బెంగ. 2022లో యూజీసీ కొత్త నిబంధనలు ఎం.ఫిల్.ను తీసేశాయి, థీసిస్ ఇచ్చేముందు పత్రికలో వ్యాసం అచ్చవ్వాలనే తప్పనిసరి కూడా పోయింది. ఆ రెండోది మంచి పనేనని నా అభిప్రాయం. డబ్బు తీసుకుని ఏదైనా వేసే పత్రికలకు మేత తగ్గుతుంది. పూర్తయిన థీసిసులు శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలోకి వెళ్తాయి. శోధన, గంగ రెండూ శుద్ధిని తలపించేవే కాబట్టి ఆ పేరు పెట్టినవాళ్లను మెచ్చుకోవాలి. కానీ ఒక చేనేత కుటుంబం గురించి రాసిన థీసిస్ ఆ గంగలో ఉందని ఆ కుటుంబానికి ఎవరు చెప్తారు? చెప్పినా అది వాళ్లు చదివే భాషలో ఉందా? తెలుగు శాఖలో రాసినదైనా సరే, ‘తద్వారా’, ‘దృష్ట్యా’ల మధ్య నలిగిన ఆ తెలుగు మగ్గం ముందు కూర్చున్న మనిషిది కాదు.

థీసిసు మొదట్లో కృతజ్ఞతల పేజీ ఉంటుంది. పర్యవేక్షకులు, శాఖాధ్యక్షులు, లైబ్రరీ సిబ్బంది, స్నేహితులు, టైపు చేసినవాళ్లు, అందరి పేర్లూ ఉంటాయి. సమాచారం ఇచ్చినవాళ్లు మాత్రం చాలాసార్లు ‘ఆయా గ్రామాల ప్రజలు’ అనే ఒక్క మాటలో కలిసిపోతారు. శాసనం చెక్కినవాడు కూడా చివర తన పేరు చెక్కుకునేవాడు కొన్నిచోట్ల. పాట పాడిన మనిషికి ఆ పాటి చోటు ఇవ్వలేమా?

పరిశోధన చేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చేయిస్తున్న మాస్టార్లూ, ఒక పని చేయండి. శుద్ధప్రతి యూనివర్సిటీకి ఇచ్చిన నెలలోనే దాని సారం ఇరవై పేజీలు మామూలు తెలుగులో రాయండి. మీకు చెప్పినవాళ్లు సరేనంటే వాళ్ల పేర్లు అందులో వేయండి. ఆ ప్రతులు పట్టుకుని ఆ ఊరికి మళ్లీ వెళ్లండి. ఒకటి బడికి, ఒకటి గ్రంథాలయానికి, ఒకటి మీకు ఎక్కువ చెప్పిన ఇంటికి ఇవ్వండి. చదవలేని వాళ్లుంటే కూర్చుని చదివి వినిపించండి. వాళ్లు తప్పులు చెప్తారు, రాసుకోండి.